నీటి మొక్కలకు గ్యాస్ కొనే ముందు నీళ్లు కదులుతున్నయా చూడండి

ఈ వారం వీడియో పొలం గురించి కాదు, అక్వేరియం తొట్టిలో పెంచే మొక్కల గురించి. జీవామృతం గురించి చెప్పేటోడికి గాజు తొట్టి ముచ్చట ఎందుకు అనుకోకండి. మన డోర్నకల్ వైపు మిర్చి, పత్తి పక్కన చిన్న ఆదాయం కోసం చూసే యువ రైతులకు ఇదొక దారి. జంక్షన్‌లో రైలెక్కిస్తే వరంగల్, హైదరాబాద్ అందుబాటులోనే ఉన్నయి. కానీ ఈ పని అనుకోగానే అందరూ ముందు అడిగేది కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఎంత, రెగ్యులేటర్ ఎంత అని. నా అభిప్రాయం సూటిగా చెప్తా. గ్యాస్ ఎంత వదిలినమన్నది రెండో లెక్క. అది ప్రతి ఆకు దాకా పోతున్నదా లేదా అన్నదే మొదటి లెక్క.

ఎందుకంటే, పొలంలో మొక్కకు గాలి ఉంది. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ తనంతట తాను పాకాలంటే గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మది. పైగా ప్రతి ఆకు చుట్టూ కదలని నీటి పొర పల్చగా అంటుకొని ఉంటది. అక్కడి గ్యాస్‌ను ఆకు వాడుకున్నంక కొత్త నీళ్లు రాకపోతే, తొట్టిలో ఎంత గ్యాస్ ఉన్నా ఆ ఆకు పస్తే. కాలువ పై మడికి నీళ్లు నిండుగా పారి, చివరి మడి ఎండినట్టు అన్నమాట. చివరి మడి ఎండితే మోటార్ పెద్దది కొంటమా, కాలువ సాఫు చేస్తమా?

దీన్ని తెలుసుకునే పద్ధతి వీడియోలో చూపించిన. డ్రాప్ చెకర్ అని చిన్న గాజు బుడ్డి దొరుకుతది. అందులో బోరు నీళ్లు పోయొద్దు, లెక్క తప్పుతది. కార్బొనేట్ 4 డిగ్రీలు ఉన్న ద్రావణం, రంగు చుక్కలు వేయాలి. నీలం అంటే గ్యాస్ తక్కువ, ఆకుపచ్చ అంటే సరిపోయింది, పసుపు అంటే చేపలకు ప్రమాదం. ఆకుపచ్చ అంటే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు. ఒకటి కాదు, రెండు పెట్టండి. డిఫ్యూజర్ దగ్గర ఒకటి, దూరపు మూలకు ఒకటి. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతది, ఓపిక పట్టండి. దగ్గరది పసుపు, దూరానిది నీలం ఉంటే మీకు గ్యాస్ తక్కువ లేదు, పంపకం సరిగ్గా లేదు. అప్పుడు వాల్వ్ ఇంకా తిప్పితే దగ్గరి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తయి, దూరపు మొక్కకు మాత్రం ఏమీ అందదు.

సరిచేయడం కష్టం కాదు. డిఫ్యూజర్‌ను అడుగున పెట్టండి, బుడగ పైకి పోయేలోపు ఎక్కువసేపు నీళ్లలో ఉండాలి. ఫిల్టర్ నుంచి వచ్చే నీటి ధార ఆ బుడగలను తొట్టి పొడవునా తోసుకుపోవాలి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 85 లీటర్లు పడతయి. గంటకు 5 నుంచి 10 రెట్లు, అంటే 425 నుంచి 850 లీటర్లు తిరిగే పంపు సరిపోతది. నీటి మీద చిన్న అల ఉండాలి, చప్పుడు చేస్తూ చిమ్మితే గ్యాస్ గాలిలోకి పోతది. అన్ని మూలల్లో ఆకులు మెల్లగా ఊగుతున్నయా? అదే అసలు పరీక్ష, దానికి రూపాయి ఖర్చు లేదు.

సిలిండర్ లేకుండా బెల్లం, ఈస్ట్ సీసాతో కూడా గ్యాస్ వస్తది. పులిసేటప్పుడు చక్కెర బరువులో దాదాపు సగం గ్యాస్‌గా మారుతది. సీసాను గాలి పోకుండా బిగించి వదిలేస్తే పగులుతది, పైపు ఉండాల్సిందే. మధ్యలో ఖాళీ సీసా ఒకటి పెడితే నురుగు తొట్టిలోకి రాదు. ఈ సీసాకు స్విచ్ లేదు, రాత్రి కూడా గ్యాస్ వదులుతనే ఉంటది. చీకట్లో మొక్కలు దాన్ని వాడుకోవు, పైగా అవీ ఆక్సిజన్ తీసుకుంటయి. అందుకే రాత్రిపూట గాలి పంపు ఆన్ చేయాలి. సిలిండర్ ఉన్నోళ్లు లైటు ఆర్పడానికి గంట ముందే వాల్వ్ కట్టేయాలి. మన ఎండాకాలం వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ, అప్పుడు ఇంకా జాగ్రత్త.

ఇక ప్రకృతి రైతుగా నా అసలు మాట. అన్ని మొక్కలకూ గ్యాస్ అక్కర్లేదు. మన చెరువుల్లో నాచు అని తీసిపారేసే హైడ్రిల్లా, రిబ్బన్ లాంటి వాలిస్నేరియా నీళ్లలోని బైకార్బొనేట్‌ను కూడా వాడుకుంటయి. గట్టి బోరు నీళ్లు వాటికి ఇబ్బంది కాదు. బ్రాహ్మి అని పిలిచే బకోపా లాంటివి వేర్లు తడిలో, ఆకులు గాలిలో ఉంచి పెంచొచ్చు, పెద్ద నర్సరీలు చేసేది అదే. గాలి ఉచితం. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన పుస్తకంలో తొట్టి అడుగున మట్టి పరిచే పద్ధతి వివరించింది. మట్టిలోని సేంద్రియ పదార్థం కుళ్లుతూ మొక్కకు కార్బన్ డయాక్సైడ్ ఇస్తది. ఆచ్ఛాదన కింద మన పొలంలో జరిగేది ఇదే కదా!

అట్లని జీవామృతం తొట్టిలో పోయొద్దు. పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా చేపలను చంపుతది. బయటి దేశాల మొక్కల ముక్కలను చెరువులో పారేయొద్దు, గుర్రపు డెక్క మన చెరువులను ఎట్ల కప్పేసిందో చూస్తనే ఉన్నం.

కాబట్టి వరుస ఇట్ల పెట్టుకోండి: ముందు మన నీళ్లకు సరిపోయే మొక్క, తర్వాత మట్టి, తర్వాత నీళ్ల కదలిక. ఇవన్నీ కుదిరినంక కూడా మొక్క అడిగితే అప్పుడు సిలిండర్. పెట్టుబడి తగ్గించుకోవడం ప్రకృతి వ్యవసాయంలో మొదటి పాఠం, గాజు తొట్టిలోకి దిగినంత మాత్రాన దాన్ని మర్చిపోవద్దు.