దూకడం విశ్వాసం కాదు

బంగీ జంప్ వీడియో చూపించి, “విశ్వాసమంటే ఇదే, దూకెయ్యడమే” అని కొందరు బోధకులు చెబుతున్నారు. ఇది వాక్యానుసారమైన బోధ కాదు.

ఋషికేశ్ దగ్గర 83 మీటర్ల ఎత్తునుండి దూకేవారికి ముందు బరువు చూస్తారు. ఆ బరువుకు తగిన సాగే తాడు కాళ్లకు కడతారు. అది సరదా, అందులోనూ జాగ్రత్త ఉంది. అయితే దేవాలయ శిఖరము మీదనుండి దూకమన్నది అపవాది. దూకనిది మన ప్రభువు (మత్తయి 4:5-7). తండ్రిని నమ్మినవానికి ఆయనను శోధించే పని లేదు.

షుగరు మాత్రలు మానేసి విశ్వాసంతో దూకమని రోగికి చెప్పే బోధకుడా, తాడు కట్టేవాడు బరువు చూడనిదే మనిషిని దూకనివ్వడు. నీవు ఏమి చూశావు?

ప్రియులారా, మాత్రలు వేసుకోండి, మోకరించి ప్రార్థించండి. రెండూ చేయడం అవిశ్వాసం కాదు. ఆమేన్.