తీయని ఆవిరి, తిరిగే కడుపు

హైదరాబాదులో చదువుకుంటున్న కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చాడనీ, వచ్చిన నాటి నుండి ఉదయం పూట వాంతులు, తలతిప్పు, చెమటలతో బాధపడుతున్నాడనీ ఒక సోదరి ఉత్తరం రాశారు. గ్యాస్ అనుకొని మాత్రలు వేయించారట. బట్టలు ఉతకబోతుండగా అతని జేబులో వేలెడంత రంగుల గొట్టం ఒకటి దొరికింది. దాని నుండి మామిడిపండు వాసన వస్తోంది. అడిగితే, “అమ్మీ, ఇది సిగరెట్ కాదు, పొగ లేదు, ఒట్టి ఆవిరే” అన్నాడట. ఒట్టి ఆవిరైతే వాంతి ఎందుకవుతోంది అన్నది ఆమె ప్రశ్న.

ఆ గొట్టాన్ని వేప్ అంటారు. పేరు విని మా పెద్దలు కొందరు అది వేపపుల్ల వంటిదేదో అనుకున్నారు. ఆ సంబంధం ఏమీ లేదు. ఒకసారి వాడి పారేసే ఈ వస్తువులో చిన్న లిథియం బ్యాటరీ, ద్రవంలో నానిన దూది వత్తి, దానిని వేడిచేసే సన్నని తీగచుట్ట ఉంటాయి. పీల్చగానే తీగ వేడెక్కుతుంది, ద్రవం పొగమంచు వలె పైకి వస్తుంది. కనుక అది మనం జలుబు చేసినప్పుడు పట్టే నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, పరిమళ రసాయనాలు, వాటితో పాటు నికోటిన్ కలిసిన సన్నని తుంపర. నికోటిన్ అంటే పొగాకులోని విషమే. పూర్వం రైతులు పంటకు పట్టిన పురుగును చంపడానికి పొగాకు కషాయం చల్లినది ఆ విషం కోసమే.

పీల్చిన నికోటిన్ ఊపిరితిత్తుల నుండి రక్తంలో కలిసి 10, 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. మెదడు అడుగు భాగాన రక్తంలోని విషాన్ని పసిగట్టే చిన్న కేంద్రం ఒకటి ఉంది. విషం తగిలినట్టు తోచగానే అది కడుపును ఖాళీ చేయమని ఆజ్ఞ ఇస్తుంది. విషం కడుపులో లేదు, ఊపిరి ద్వారా వచ్చింది అన్న భేదం దానికి తెలియదు. అందుచేత నోట నీళ్లూరడం, వికారం, చల్లని చెమట, గుండెదడ, చివరకు వాంతి. గ్యాస్ మాత్ర దీనికి ఏమి చేయగలదు?

ఇది మనకు కొత్త సంగతి కూడా కాదు. జర్దా కిళ్ళీ మొదటిసారి నమిలినవాడు తల తిరిగి గోడ పట్టుకొని కూర్చోవడం పెళ్లిళ్లలో చాలామంది చూసినదే. పొగాకు పండించే దేశాలలో తడిసిన ఆకులు కోసే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి ఇవే వాంతులు, ఇదే తలతిప్పు వస్తాయి. వైద్యులు దానిని పచ్చి పొగాకు జబ్బు అంటారు. ప్రకాశం జిల్లా పొగాకు పొలాలను ఎరిగిన పాఠకులకు ఈ మాట సులభంగా అర్థమవుతుంది. పొగాకు నోటికి తగలకుండా, నిప్పు అంటించకుండా కూడా మనిషికి విషమెక్కుతుంది. పొగ లేదు అన్న మాటలో ఊరట ఎంతో దీనిని బట్టే తెలుస్తుంది.

అయితే బీడీ, సిగరెట్ కంటే ఈ గొట్టం త్వరగా కడుపు తిప్పడానికి వేరే కారణం ఉంది. ఘాటైన పొగ తగిలితే గొంతు మండుతుంది, దగ్గు వస్తుంది. కొత్తవాడు అక్కడే ఆగిపోతాడు. గొంతు మనకున్న కావలివాడు. వేప్ తయారుచేసేవారు నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం వంటిది చేర్చి ఆ ఘాటును తగ్గించారు, పైన పండ్ల తీపి పూశారు. కావలివాడు నిద్రపోయాడు. సిగరెట్ కాలి అయిపోతుంది, దానికి ఒక హద్దు ఉంది. ఈ గొట్టం రోజుల తరబడి జేబులోనే ఉంటుంది. చదువుతూ, ఫోను చూస్తూ ఎన్నిసార్లు పీల్చాడో అతనికే లెక్క ఉండదు. ఒక సిగరెట్ ద్వారా దేహంలోకి చేరే నికోటిన్ సుమారు 1 నుండి 2 మిల్లీగ్రాములు. బ్రిటన్‌లో ఇటువంటి ద్రవం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదని చట్టం ఉంది. అట్టి హద్దు లేని చోట్ల 50 మిల్లీగ్రాములవీ అమ్ముతారు.

మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ 2019 చట్టం ప్రకారం నిషిద్ధం. అమ్మినవారికి మొదటి నేరానికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గల్ఫ్ నుండి వచ్చే అన్నయ్య తమ్ముడికి కానుకగా తెచ్చినా అది దిగుమతే. ఇక్కడ చాటుగా దొరికే గొట్టం మీది అంకె నిజమో కాదో పరీక్షించేవారు ఎవరూ లేరు.

2019లో అమెరికాలో వేప్‌లు పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న 2,807 మంది ఆసుపత్రుల పాలైనట్లు 2020 ఫిబ్రవరి నాటికి లెక్క తేలింది. 68 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది పీల్చినది గంజాయి సారం, దానిలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. మన పిల్లల గొట్టాలలో అదే ఉందని నేను అనను. కానీ ఆ రోగులలో చాలామందికి దగ్గుతో పాటు వాంతులు, కడుపునొప్పి కూడా వచ్చాయి. కాబట్టి వాంతులకు ఆయాసం, జ్వరం, ఛాతీనొప్పి తోడైతే ఒక్క పూట కూడా ఆగకూడదు. ద్రవం ఇంకిపోయిన గొట్టాన్ని ఇంకా పీల్చడం మరొక చేటు. వత్తి మాడి, గొంతును కాల్చే ఆక్రోలిన్ వంటి విషాలు పుడతాయి. మాడు వాసన రాగానే వికారం కలిగేది అందుకే.

ఉదయమే ఎందుకు అన్నదానికీ కారణం ఉంది. రాత్రంతా నికోటిన్ అందకపోవడంతో మెదడు మళ్లీ సున్నితమవుతుంది, కడుపూ ఖాళీగా ఉంటుంది. లేవగానే పీల్చిన నాలుగు గుక్కలు మధ్యాహ్నపు పది గుక్కల కంటే గట్టిగా తగులుతాయి. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ కొందరు యువకులు రెండు ఖర్జూరాలు తిని బయటకు వెళ్లి ఇదే పని చేస్తారు. తరావీహ్‌లో నిలబడలేక గోడకు ఆనుకుంటారు, ఉపవాసం వలన నీరసం అంటారు. పాపం, ఉపవాసానికి ఈ నింద అన్యాయం.

“అలవాటయ్యాక ఏమీ కాదు” అని స్నేహితులు చెబుతారు. అది నిజమే, భయపడవలసినదీ అక్కడే. వాంతి ఆగిపోయిందంటే విషం తగ్గిందని కాదు, మెదడు హెచ్చరించడం మానుకున్నదని. ఆ తరువాత లేకపోతే చిరాకు, నిద్రలేమి మొదలవుతాయి.

ఆ సోదరికి చెప్పేది ఇది. వికారంగా ఉన్నప్పుడు పీల్చడం ఆపి, గాలి తగిలే చోట కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నీరు తాగించండి. నికోటిన్ సగం తగ్గడానికి దాదాపు 2 గంటలు పడుతుంది. వాంతులు ఆగకపోయినా, మగత, వణుకు, శ్వాసకష్టం కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గొట్టం వారికి అందనివ్వకండి. వారు ద్రవం చప్పరిస్తే వేలుపెట్టి వాంతి చేయించవద్దు, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లండి. మానుకోవాలనుకునేవారికి ప్రభుత్వ ఉచిత ఫోను సలహా 1800-11-2356 ఉంది. కుమారుణ్ణి తిట్టే ముందు, రోజుకు ఎంత పీలుస్తున్నాడో, ఎప్పటి నుండి పీలుస్తున్నాడో నెమ్మదిగా అడగండి. తిడితే ఆ లెక్క బయటికి రాదు, వైద్యునికి కావలసినది ఆ లెక్కే. వాంతులకు మరో కారణమేదైనా ఉందేమో కూడా ఆయనే చూడాలి. గొట్టాన్ని పారేయకుండా వెంట తీసుకెళ్లి చూపించండి.