స్టార్ట్ బటన్ మీదున్న ప్రేమ తెలుగు మీద లేదా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారు మంగళం పాడారు. కావాలన్నవారికి ఇంకో ఏడాది భద్రతా సవరణలు ఇస్తామన్నారు గాని, చూపించిన దారి మాత్రం విండోస్ 11 వైపే. అది మొదలు మన సత్యనారాయణపేటలో ఎవరింటికి పోయినా ఒకటే గోడు: "కంప్యూటర్ మారిపోయింది సార్, ఏది ఎక్కడుందో తెలీడం లేదు." ఎడమ మూలన ఉండే స్టార్ట్ బటన్ నడిమధ్యకు వచ్చి కూర్చుంది. మౌస్ కుడివైపు నొక్కితే వచ్చే పాత జాబితా ఇంకో మెట్టు దిగితే గాని కనిపించదు. కింది పట్టీని పైకో పక్కకో జరుపుకునే వీలు 2021లో విండోస్ 11 బయటికి వచ్చిననాడే తీసేశారు.

గోడు వెళ్ళబోసుకున్న తరువాత మనవాళ్ళు ఊరకే కూర్చోవడం లేదు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలుస్తున్నారు. అతను ఓపెన్ షెల్ అనో, ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్ అనో ఒక ఉచిత పనిముట్టు దించి, పాత ముఖం తెచ్చి పెట్టి పోతున్నాడు. అరగంట పని. ఇంటి పెద్దకు పోయిన ప్రాణం లేచివస్తుంది.

ఇందులో తప్పేమీ లేదు. మన ఇంట్లో బీరువా ఎక్కడుండాలో అమెరికాలో కూర్చున్నవాడు నిర్ణయిస్తే మనకు కోపం రావలసిందే. నా కోపం వేరే. ఆ అరగంటకు ఇంకో పది నిముషాలు చేర్చి, ఆ కుర్రాడి చేతనే కంప్యూటర్‌లో తెలుగు పెట్టించుకున్న ఇల్లు నాకు ఒక్కటీ కనిపించలేదు. అడిగితే "తెలుగు ఎందుకులే సార్, అలవాటైపోయింది" అంటారు. బటన్ ఒక అంగుళం జరిగితే తట్టుకోలేనివాళ్ళకు తెర మీద భాష మొత్తం మనది కాకపోతే ఏమీ అనిపించదు! కన్నడ సోదరులు నవ్వుతూ చెప్పే "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్న మాటను వాళ్ళకన్నా మనమే ఎక్కువ పాటిస్తున్నాము.

స్టార్ట్ బటన్ చరిత్ర కొంచెం చెప్పుకుంటే నా బాధ అర్థమవుతుంది. 2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చినప్పుడు ఆ బటన్‌నే తీసేశారు. ప్రపంచమంతా గొడవ. ఇవో బెల్చెవ్ అనే ప్రోగ్రామరు 2009 నుంచే క్లాసిక్ షెల్ అని ఒక పనిముట్టు రాసి ఊరికే ఇస్తున్నాడు. జనం దాని మీద పడ్డారు. కంపెనీవారికి మాట అర్థమైంది. 2013లో విండోస్ 8.1తో బటన్ తిరిగివచ్చింది, 2015లో విండోస్ 10తో జాబితా కూడా తిరిగివచ్చింది. ఇది కంపెనీవారి దయ అని నేను అనుకోను. జనం వాడి చూపించారు, వద్దన్నది వద్దని చెప్పారు, దిగివచ్చారు.

మరి తెలుగు సంగతి? విండోస్‌కు తెలుగు ముఖం ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఉంది, ఉచితంగానే ఇస్తున్నారు. అక్కడక్కడ ఇంగ్లీషు మిగిలిపోయి ఉంటుందన్న మాట నిజమే. కానీ దాన్ని పెట్టుకున్నవాళ్ళు లేకపోతే, లోపాల మీద ఫిర్యాదు చేసేవాళ్ళు లేకపోతే, దాన్ని బాగుచేయాలని ఎవరికి తోస్తుంది? లావాదేవీ లేని ఖాతాను ఏ బ్యాంకైనా ఏం చేస్తుందో నేను వేరే చెప్పనక్కరలేదు. పక్కన పెట్టేస్తుంది.

బ్యాంకు మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. బ్యాంకుల్లో ప్రజలకు కనిపించే కాగితాలు, బోర్డులు హిందీ, ఇంగ్లీషు, ఆ ప్రాంతపు భాష, ఈ మూడింటిలో ఉండాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. బళ్ళారిలో ఆ మూడవ భాష కన్నడం. అది న్యాయం. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి, బళ్ళారి తాలూకా మైసూరులో చేరిన తరువాత ఇక్కడి కౌంటరు మీద తెలుగు ఫారం అడగడం నాకు సబబుగా తోచదు. కన్నడం రాని తెలుగువాడు బళ్ళారిలో నాకు తారసపడలేదు కూడా. కానీ మన ఇంటి కంప్యూటర్‌కు ఏ త్రిభాషా సూత్రమూ లేదు. అక్కడ ఏ భాష ఉండాలో చెప్పే సర్కులరు ఢిల్లీ నుంచి రాదు, బెంగుళూరు నుంచి రాదు. రాజ్యాంగం 29వ అధికరణం భాషను కాపాడుకునే హక్కు ఇచ్చిందని ప్రతి సభలోనూ చెప్పుకుంటాము. 350 'ఎ' కింద తెలుగు బడి కావాలని అర్జీలు పెడతాము. పెట్టాలి కూడా. ఎవరికీ అర్జీ పెట్టనక్కరలేని చోట మాత్రం మనకు చేతులు రావు.

ఇది ముసలివాళ్ళ ముచ్చట అనుకునేవారు ఉంటారు. పిల్లలను చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం మాత్రం రాదు. కన్నడ లిపి వచ్చిన పిల్లకు తెలుగు లిపి ఎంత దూరం? తలకట్టు తేడా, నాలుగైదు అక్షరాల తేడా. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో తెలుగుకు 128 గదులు ఇచ్చి, ఆ వెంటనే కన్నడానికి 128 గదులు ఇచ్చారు. మధ్యలో ఒకే గోడ, మన పేట ఇళ్ళ మాదిరే. ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'క' మీట కన్నడానికీ తెలుగుకూ ఒకటే. ఒక భాషలో టైపు నేర్చినవారికి రెండవది దాదాపు ఊరికే వచ్చినట్టే. కన్నడిగులు ఎక్కువగా వాడేది కె.పి.రావు గారి కీబోర్డు, దాని మీద నడిచే నుడి. గణక పరిషత్తువారు తయారుచేసి, ప్రభుత్వం అండతో ఉచితంగా ఇచ్చారు. వారిని చూసి అసూయపడి లాభం లేదు, నేర్చుకోవాలి.

రోజూ తెర తెరిచినప్పుడల్లా 'ఆదివారం' అని తెలుగులో కనబడితే, ఆ పిల్ల దాన్ని చదవకుండా ఎన్నాళ్ళు ఉంటుంది?

దానికి పెద్ద విద్య అక్కరలేదు. సెట్టింగులలో ప్రాంతపు పద్ధతిని 'తెలుగు, ఇండియా' అని మారిస్తే వారాలు, నెలలు తెలుగులోకి వస్తాయి. తెర మీద పెద్ద గడియారం, తేదీ కావాలంటే రెయిన్‌మీటర్ అనే ఉచిత పనిముట్టు ఉంది. కుర్రవాళ్ళు దానితో రంగురంగుల సోకులు చేస్తుంటారు. దాని లోపలుండేవి మామూలు అక్షరాల ఫైళ్ళు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఇంగ్లీషు మాటల చోట తెలుగు మాటలు రాసి, యూనికోడ్‌లో భద్రం చేస్తే చాలు. ఇంగ్లీషు మీటలతో తెలుగు టైపు చేసే కీబోర్డును విండోస్ 10లో 2019 నుంచే లోపల కలిపారు, వేరే దించనక్కరలేదు. ఇక గౌతమి, వాణి అక్షరాలు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమిలో రాసుకున్నవారి కథలు, ఉత్తరాలు కొత్త యంత్రంలో వేరే రూపంలో కనిపిస్తుంటే ఫైలు చెడిపోయిందని బెంగపడనక్కరలేదు. విండోస్ 10 నుంచి వాటిని తెలుగు అదనపు ఫాంట్లని విడిగా పెట్టారు. ఐచ్ఛిక సౌకర్యాల జాబితాలోకి పోయి అడిగితే ఇస్తారు. అడగాలి, అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి విడుదల చేయించిన ధూర్జటి, గిడుగు, శ్రీకృష్ణదేవరాయ వంటి అక్షరాలూ ఉచితమే. హంపి పక్కన ఉండి రాయలవారి పేరున్న ఫాంటు కంప్యూటర్‌లో లేకపోవడం ఏమి అన్యాయం!

కంపెనీవారిని మెచ్చుకుంటున్నానని అనుకోవద్దు. మన అంగళ్ళలో అమ్మే చాలా ల్యాప్‌టాపుల్లో 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' అనే విండోస్ పెట్టి ఇస్తారు. పేరులోనే ఉంది దాని గుణం. అందులో తెలుగు ముఖం పెట్టబోతే, మీ లైసెన్సుకు ఒకే భాష అని సందేశం వస్తుంది. ఇరవైకి పైగా భాషలను రాజ్యాంగం గుర్తించిన దేశంలో ఒంటిభాష కంప్యూటర్లు అమ్ముతున్నారు, మనం మారుమాట లేకుండా కొంటున్నాము. ముఖం మార్చాలంటే పై తరగతి విండోస్‌కు డబ్బు కట్టాలి. కొనేటప్పుడే "ఇది సింగిల్ లాంగ్వేజా?" అని అంగడివాణ్ణి అడిగితే కనీసం ఆ ప్రశ్న అతని చెవిన పడుతుంది. పదిమంది అడిగితే పైకి పోతుంది.

సాహిత్యకారులతో నాకు వేరే తగాదా. "ఆ తెలుగు చదవలేము, దస్త్రం ఏమిటి, అమరికలు ఏమిటి, ఫైలు అంటే పోదా" అని మీరు ఎగతాళి చేస్తారు. నాకూ కొన్ని మాటలు ముల్లులా గుచ్చుకుంటాయి. కానీ విండోస్ మాటను మనం దిద్దలేము గాని, ఫైర్‌ఫాక్స్ మాటను దిద్దవచ్చు. మొజిల్లావారి అనువాదపు పనిస్థలంలో ఎవరైనా పేరు నమోదు చేసుకొని ఇంతకన్నా మంచి మాట సూచించవచ్చు. ఒక పద్యంలో ఒక పదానికి నెల రోజులు వెతికేవాళ్ళు, లక్షలమంది చూడగల ఒక బటన్ మీది మాటకు అరపూట వెచ్చించలేరా? ఎవరో ఇంజనీరు కుర్రాడు రాత్రి నిద్ర మానుకొని చేసిన అనువాదాన్ని వెక్కిరించడం సులభం. సరిచేయగలిగినవారు మీరే, చేయనిదీ మీరే.

ఉచితం అన్న మాటలో రెండు రకాలున్నాయి. గూగుల్ వారు విండోస్ కోసం తెలుగు టైపు పనిముట్టు ఒకటి ఊరికే ఇచ్చేవారు. మనలో చాలామంది చేతులు దానికే అలవాటుపడ్డాయి. ఒకరోజు ఇవ్వడం మానేశారు. కొత్త యంత్రం కొన్నవాళ్ళు చేతులు కట్టేసినట్టయి కూర్చున్నారు. క్లాసిక్ షెల్ రాసిన బెల్చెవ్ కూడా 2017లో ఇక నావల్ల కాదన్నాడు. కానీ పోతూపోతూ దాని మూలపాఠాన్ని అందరికీ విప్పిపెట్టి పోయాడు. స్వచ్ఛందంగా కొందరు దాన్ని అందుకొని, 2018 నుంచి ఓపెన్ షెల్ పేరుతో నడుపుతున్నారు. మొదటిది దానం, రెండవది ఉమ్మడి ఆస్తి. హైదరాబాదు స్వేచ్ఛవారు 2005లోనే తెలుగు లినక్స్ తెచ్చినప్పుడు చెప్పింది ఈ తేడానే. విండోస్ 11కు పనికిరాదని మూలన పడేసిన పాత కంప్యూటర్లు మన పేటలో చాలా ఉన్నాయి. వాటిలో లినక్స్ పెట్టి తెలుగు ముఖం ఇస్తే ఒంటిభాష లైసెన్సు గొడవ ఉండదు.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పకపోతే నా ఉద్యోగానికి ద్రోహం చేసినట్టు. ఉచితమని కనిపించిందల్లా దించుకోవద్దు. 2016 ఆగస్టులో క్లాసిక్ షెల్‌ను ఉంచిన చోటులోనే దొంగలు దూరి, అసలు ఫైలు తీసేసి విషపు ఫైలు పెట్టారు. దాన్ని నడిపినవాళ్ళ కంప్యూటర్లు మళ్ళీ తెరుచుకోలేదు. తయారుచేసినవారి సొంత చోటునుండే దించుకోండి. అది నడిపే ముందు మీ ముఖ్యమైన ఫైళ్ళ నకలు వేరేచోట ఉంచండి. నెట్‌బ్యాంకింగ్ చేసే యంత్రం మీద కుర్రాళ్ళ ప్రయోగాలు వద్దు.

ఇక పని. వచ్చే ఉగాది కవి సమ్మేళనానికి మన సభ్యులు ల్యాప్‌టాపులు వెంట తెచ్చుకోవాలని నా ప్రతిపాదన. కవితలు మొదలు కాకముందు ఒక గంట. కంప్యూటర్లు తెలిసిన మన పిల్లలు ఇద్దరు ముగ్గురు చాలు. తేదీ తెలుగులోకి, కీబోర్డు, ఫాంట్లు. వీలైనవారికి మొత్తం ముఖం. స్టార్ట్ బటన్ ఎడమకు కావాలన్నవారికి అదీ చేసిపెడదాము. ఛార్జర్లు మరిచిపోవద్దు, సభాభవనంలో ప్లగ్గులు రెండే ఉన్నాయి. తెలుగు భాషా భాగం దించడానికి ఫోనులో డేటా వేయించుకొని రావాలి.