పేర్ల పట్టిక ఎవరి చేతిలో ఉంది?

కార్తీక వనభోజనాలైనా, సంక్రాంతి ముగ్గుల పోటీ అయినా, నెలనెలా జరిగే పుస్తక చర్చ అయినా కమిటీ కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న ఇప్పుడు ఒకటే: ‘ఏ యాప్ వాడదాం?’

మామూలుగా వాట్సాప్‌తో మొదలవుతుంది. ఒకరు ‘1’ అని వేసి తమ పేరు రాస్తారు. తర్వాతివాళ్లు దాన్ని కాపీ చేసి, కింద తమ పేరు చేర్చి మళ్లీ పంపుతారు. ఒకే నిమిషంలో ఇద్దరు ఆ పని చేస్తే ఇద్దరూ 14వ నంబరే. పదిహేనోవారు కాపీ చేసేది అందులో ఒక్క జాబితానే కాబట్టి రెండో పేరు గల్లంతు. వనభోజనాల రోజు ఇబ్బంది పడేది ఆ ఇంటివాళ్లే.

ఈ తిప్పలు పడలేక వేరే సాఫ్ట్‌వేర్ వెతుకుతాం. ఉచితమా, చూడ్డానికి బాగుందా, రిమైండర్లు పంపుతుందా అని చూస్తాం. వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. రేపు దీన్ని వదిలేయాల్సి వస్తే మన సభ్యుల పట్టిక మనతో వస్తుందా?

బృందాలు సమావేశాలు ఏర్పాటు చేసుకునే మీటప్ అనే వేదిక సంగతే చూడండి. 2002లో న్యూయార్క్‌లో పుట్టింది. హైదరాబాద్, బెంగళూరుల్లోనూ ఎన్నో బృందాలు దాని మీదే పెరిగాయి. 2017లో దాన్ని వీవర్క్ కంపెనీ కొన్నది, 2020లో అమ్మేసింది. 2024లో అది ఇటలీ కంపెనీ బెండింగ్ స్పూన్స్ చేతికి వెళ్లింది. మధ్యలో, 2019లో, వస్తామని పేరిచ్చేవారి దగ్గర 2 డాలర్లు తీసుకునే పద్ధతిని కొన్ని గ్రూపుల్లో ప్రయత్నించి చూస్తే నిర్వాహకులు భగ్గుమన్నారు. కానీ కోపమొచ్చి బయటికి రావాలన్నా దారేది? సాధారణ చందా కట్టే నిర్వాహకుడికి సభ్యుల ఈమెయిళ్లు అందేవి కావు. ఏళ్ల తరబడి కూడగట్టుకున్న మనుషుల చిరునామాలు కంపెనీ దగ్గరే ఉండిపోయాయి.

ఇలాంటి వేదికలకు ప్రత్యామ్నాయంగా వచ్చినవాటిలో ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ సంస్థ 2020లో విడుదల చేసిన మొబిలిజాన్ ఒకటి. ఎవరైనా సొంత సర్వర్‌లో పెట్టుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. అయితే ఆ సర్వర్‌ని చూసుకునే మనిషి ఉండాలి. అలాంటివారు లేని అపార్ట్‌మెంట్ సంఘానికి గూగుల్ ఫామ్, దాని వెనక ఒక షీటు చాలు.

ఆ చిన్న ఏర్పాటుకైనా కొన్ని కట్టుబాట్లు ఉండాలి. ఖాతా కమిటీ పేరున తెరవాలి. ఓటీపీ ఒక్క కుర్రాడి ఫోనుకే వస్తుంటే, అతను ఉద్యోగానికి అమెరికా వెళ్లిన రోజు సంఘం మొత్తం బయటే నిలబడుతుంది. లాగిన్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. లింకు దొరికిన ప్రతివాళ్లూ షీటు తెరవగలిగితే ఆడవాళ్ల ఫోన్ నంబర్లు ఊరంతా తిరుగుతాయి. దాన్ని కమిటీవాళ్లకే పరిమితం చేయాలి. భోజనాల లెక్కకి పుట్టినతేదీ, ఆధార్ ఎందుకు? అవసరమైనంతే అడగమని 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టమూ చెబుతోంది. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్ల పేర్లు ఫోన్‌లో అడిగి రాసుకునే బాధ్యత ఒకరికి అప్పగించాలి. వాళ్లు రాలేని ఉత్సవం ఎంత పద్ధతిగా జరిగినా లోటే.

ఈ ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు ఒక పని చేయండి. ఇప్పుడు వాడుతున్న యాప్ నుంచి మీ సభ్యుల పట్టికను డౌన్‌లోడ్ చేసి చూడండి. పేర్లూ నంబర్లూ పూర్తిగా వస్తే నిశ్చింతగా కొనసాగించండి. రాకపోతే వచ్చే పండగ పనులు మొదలవకముందే దాన్నుంచి బయటపడండి.