ఆపదలో లైసెన్స్ ఎవరూ అడగరు, అయినా పరీక్ష రాయాలి

మన హాస్టల్లో సెయిలింగ్ వీడియోల బ్యాచ్ ఒకటి తయారైంది. 2017-18లో ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు నేవీ మహిళా అధికారులు భూగోళం చుట్టొచ్చారు కదా, అందులో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారని తెలిశాక ఈ పిచ్చి ఇంకాస్త ముదిరింది. మంచిదే. కానీ రేడియో మాటొస్తే మాత్రం అందరిదీ ఒకటే డైలాగ్: "ప్రాణం మీదికొస్తే లైసెన్స్ లేకపోయినా ఏ ఫ్రీక్వెన్సీలోనైనా మాట్లాడొచ్చు. ఇంక పరీక్షెందుకురా?"

మొదటి సగం నిజమే. ప్రమాదంలో ఉన్న స్టేషన్ సాయం కోసం తన దగ్గరున్న ఏ సాధనమైనా వాడుకోవచ్చని అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోనే ఉంది. నా పేచీ అంతా రెండో సగంతోనే. అనుమతి ఉన్నంత మాత్రాన మాట అవతలికి చేరదు.

పడవలో మామూలుగా ఉండే వీహెచ్ఎఫ్ సెట్ దాదాపు కంటిచూపు మేరకే పనిచేస్తుంది. తీరం నుంచి నలభై యాభై కిలోమీటర్లు దాటితే ఒడ్డుకి అందడం కష్టం. ఆ పైన కావాల్సింది హెచ్ఎఫ్. సిగ్నల్ అయనోస్ఫియర్ దాకా వెళ్లి వంగి మళ్లీ కిందికి దిగుతుంది. ఇదంతా మనం యాంటెన్నాస్ సబ్జెక్టులో ఎనిమిది మార్కుల ప్రశ్నగా రాసేసిందే. స్కిప్ డిస్టెన్స్ డెఫినిషన్ నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అదే సముద్రం మీద ఎలా ఉంటుందో చూడండి. విశాఖకి నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పడవ మధ్యాహ్నం 14 మెగాహెర్ట్జ్‌లో ఎంత అరిచినా విశాఖలో వినపడకపోవచ్చు. సింగపూర్‌లో ఎవరికో స్పష్టంగా వినపడొచ్చు. దగ్గరివాళ్లకి అందాలంటే 7 కో, 3.5 కో దిగాలి. పొద్దుగూకితే లెక్క మళ్లీ మారుతుంది. ఇంకో తిరకాసు: మెరైన్ ఛానళ్లలో ఎప్పుడూ అప్పర్ సైడ్‌బ్యాండే, 7 మెగాహెర్ట్జ్‌లో హామ్‌లు మాట్లాడేది లోయర్‌లో. స్విచ్ తప్పు వైపు ఉంటే అవతలివాడికి బాతు అరుపే వినిపిస్తుంది. పడవలోకి నీళ్లొస్తున్నప్పుడు ఇవన్నీ ఎవరు నేర్చుకుంటారు చెప్పండి?

సెట్ బిగించడం అసలైన ఇంజినీరింగ్. తెరచాప పడవలో స్తంభాన్ని వెనక్కి లాగి పట్టే ఉక్కుతాడు ఉంటుంది, దాన్ని బ్యాక్‌స్టే అంటారు. దానికి పైనా కిందా ఇన్సులేటర్లు వేస్తే అదే యాంటెన్నా. 14.3 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం ఐదు మీటర్ల చిల్లర, 7కి పది దాటుతుంది. ఒకే తాడు అన్నిటికీ పనికిరావాలి కాబట్టి కింద ఆటోమేటిక్ ట్యూనర్ పెడతారు. చాలామంది అక్కడితో పనైపోయిందనుకుంటారు. మిగతా సగం గ్రౌండ్. వెడల్పాటి రాగి పట్టీలు పరిచి చుట్టూ ఉన్న ఉప్పునీటితో జత కలపాలి. ఉప్పునీరంత మంచి గ్రౌండ్ మన కాలేజీ మేడ మీద జన్మలో దొరకదు. నూరు వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది. వైరు సన్నమైతే వోల్టేజ్ పడిపోయి మాట తెగిపోతుంది. సోలార్ ఛార్జ్ కంట్రోలరూ, ఇన్వర్టరూ చేసే గోల వేరే. అవి ఆపితే తప్ప రిసీవర్లో ఏమీ వినపడని పడవలు బోలెడు. మాట్లాడుతున్నప్పుడు ఆ ఉక్కుతాడు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అది కూడా ముందే తెలిసుండాలి.

శాటిలైట్లు ఉండగా ఈ గొడవంతా ఎందుకంటారా? న్యాయమైన ప్రశ్నే. ప్రమాదం వస్తే మొదట నొక్కాల్సింది 406 మెగాహెర్ట్జ్ బీకన్ బటనే, అందులో వాదనే లేదు. 2018 గోల్డెన్ గ్లోబ్ రేసులో అభిలాష్ టోమీ నడుం దెబ్బతిని దక్షిణ హిందూ మహాసముద్రంలో చిక్కుకున్నప్పుడు తన పరిస్థితి బయటికి చెప్పింది శాటిలైట్ మెసేజ్‌తోనే. కాకపోతే శాటిలైట్ ఫోన్‌లో నంబరు తెలిసిన ఒక్కడితోనే మాట్లాడతాం. హెచ్ఎఫ్‌లో మాట్లాడితే ఆ సమయంలో వింటున్న ప్రతివాడికీ అందుతుంది, నెలనెలా బిల్లూ ఉండదు. పైగా మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గరుంటే కేసవుతుంది. రెండూ ఉండాలన్నదే నా మాట.

అలవాటు ఏం చేస్తుందో 2004 డిసెంబర్‌లో చూశాం. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. పని కేవలం హాబీ, ప్రపంచంలోని హామ్‌లతో కాంటాక్టులు చేయడం. మూడు వారాలుగా స్టేషన్ నడుస్తోంది. 26న సునామీ వచ్చి మామూలు కమ్యూనికేషన్ దెబ్బతింటే, అదే స్టేషన్ పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు మోసింది. అది పడవ కాదు, దీవి. కానీ ఏ బ్యాండ్ ఎప్పుడు తెరుచుకుంటుందో వాళ్లకి అప్పటికే చేతివాటంగా వచ్చేసి ఉంది. లైసెన్స్ ఉపయోగం నా లెక్కలో ఇదే: ప్రమాదం లేని రోజుల్లో రోజూ మాట్లాడే హక్కు ఇస్తుంది.

ఇక్కడ రెండు దారులు కలిపేసుకోకండి. మెరైన్ బ్యాండ్లకి పడవకి స్టేషన్ లైసెన్స్, మనిషికి ఆపరేటర్ సర్టిఫికెట్ కావాలి. బ్రిటన్‌లో దీన్ని లాంగ్ రేంజ్ సర్టిఫికెట్ అంటారు. అమెరికాలోనైతే సొంత పడవ మీద మెరైన్ ఎస్ఎస్‌బీకి ఫారం నింపి ఫీజు కడితే పర్మిట్ వస్తుంది, పరీక్షే లేదు. అదేమంత గొప్ప పద్ధతి అనిపించదు నాకు. రెండో దారి హామ్, స్టూడెంట్లకి అందేది ఇదే. మన దేశంలో లైసెన్స్ ఇచ్చేది కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ. పన్నెండేళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ అక్కర్లేదు, జనరల్‌కి నిమిషానికి 8 పదాలు రావాలి. ప్రపంచవ్యాప్తంగా మోర్స్ తప్పనిసరి అన్న రూల్ 2003లోనే పోయింది, మన దగ్గర జనరల్‌కి ఉంచారు. పాతకాలపు చాదస్తం అని తిట్టుకోండి గానీ, మాట మునిగిపోయే గోలలో కూడా టక్‌టక్ వినపడుతుంది. థియరీ సగం మనం మూడో సెమ్‌లోపే చదివేశాం. చిరాకు తెప్పించేది పాసయ్యాక లైసెన్స్ చేతికి రావడానికి పట్టే కాలం. నెలలు గడవొచ్చు, కాబట్టి ఫైనల్ ఇయర్ దాకా ఆగొద్దు. హామ్ సెట్‌ని నౌక మీద వాడాలంటే కెప్టెన్ రాతపూర్వక ఒప్పుకోలూ, ప్రభుత్వ అనుమతీ విడిగా తీసుకోవాలి. హామ్ బ్యాండ్లో వ్యాపారం మాట్లాడకూడదు, చేపల రేటు అడగడానికి కూడా.

సెట్ ముందే కొనకండి. ముందు వినండి. బ్రౌజర్లో తెరుచుకునే వెబ్ ఎస్‌డీఆర్ రిసీవర్లు బోలెడున్నాయి. మనకి రాత్రి, అమెరికాకి పగలు అయినప్పుడు అక్కడి రిసీవర్ ఒకటి తెరిచి 14.300 మెగాహెర్ట్జ్ పెట్టండి. మారిటైమ్ మొబైల్ నెట్ నడుస్తుంటుంది. ఏదో పడవ తన కాల్‌సైన్ చివర "మారిటైమ్ మొబైల్" చేర్చి, ఎక్కడుందో, గాలి ఎటు వీస్తోందో చెప్తుంది. సిగ్నల్ ఎలా లేస్తుందో, ఎలా పడుతుందో ఓ వారం వింటే చాలు. కాలేజీ పేరు మీద క్లబ్ స్టేషన్ లైసెన్స్ కూడా తీసుకోవచ్చు, బాధ్యత తీసుకునే లైసెన్స్‌దారు ఒకరుండాలి. ఈసీఈ ఫ్యాకల్టీలో పాత వీయూ2 కాల్‌సైన్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో ఈ వారమే అడిగి చూద్దాం.