అమ్మను హోమ్‌లో ఉంచితే తప్పా?

డిశ్చార్జి రోజున మా వార్డులో తరచు వినే ప్రశ్న ఒకటుంది: “సిస్టర్, అమ్మను ఇంటికి తీసుకెళ్తాం సరే, పగలంతా చూసేదెవరు?” అడిగిన కొడుకు గాని కూతురు గాని మా ముఖం వైపు చూడరు. హోమ్ అనే మాట మనసులో ఉంటుంది. కాని సంఘంలో నలుగురు ఏమనుకుంటారో అనే భయంతో ఆ మాట నోటికి రాదు.

ముందుగా పేర్లు తెలుసుకుందాం. మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. వృద్ధాశ్రమంలో తిండి, పడక ఉంటాయి. అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో వాటితో పాటు స్నానం చేయించడానికి, నడిపించడానికి, వేళకు మందులివ్వడానికి మనుషులుంటారు. అంటే ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఉండే చోటు.

లాల్‌దర్వాజా వైపు నుండి ఒక పెద్దావిడ తుంటి ఎముక విరిగి మా దగ్గరకు వచ్చారు. వాళ్ల పోర్షన్ మేడమీద, మెట్లు నిటారు, మరుగుదొడ్డి కింద కూర్చునే రకం. కొడుకు, కోడలు ఇద్దరూ పనికి వెళ్లాలి. హోమ్ సంగతి వాళ్లు అడిగినప్పుడు, “ఇంటిని మించినది లేదమ్మా” అని మేమే చెప్పి పంపించాం. రెండు నెలలకు ఆవిడ నడుము కింద పెద్ద పుండుతో తిరిగి వచ్చారు. పగలు బయట తాళం వేసి వెళ్లేవారట. పక్కకు తిప్పే దిక్కు లేదు. కోడలు మంచిదే, కొడుకు మంచివాడే. తప్పు మా సలహాలో ఉంది. ఆ ఇంట్లో మెట్లెన్ని, పగలు ఎవరుంటారు అని మేము ఒక్క మాట కూడా అడగలేదు.

మంచి హోమ్ వలన లాభాలు నిజమైనవే. మంచాన ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే పుండ్లు చాలా వరకు రావు. బాత్‌రూములో పట్టుకునే కడ్డీ, జారని నేల ఉంటే పడిపోవడం తగ్గుతుంది. బి.పి. మాత్ర రెండుసార్లు వేసుకోవడం, ఇన్సులిన్ తీసుకుని అన్నం తినకపోవడం వంటి ప్రమాదాలు తప్పుతాయి. మాట్లాడడానికి తోటివారు దొరుకుతారు. రాత్రి నిద్ర దొరికితే కోడలికి కూడా ఓర్పు తిరిగి వస్తుంది.

నష్టాలు కూడా దాచకూడదు. ఇటువంటి హోములు ఎక్కువగా ఊరి బయట ఉంటాయి. శాలిబండలోనో గౌలిపురాలోనో యాభై ఏళ్లు బతికిన మనిషికి గల్లీ, చాయ్, తెలుగూ ఉర్దూ కలిపి పలకరించే ఇరుగుపొరుగు, ఆదివారం గుడి ఒక్కసారిగా దూరమవుతాయి. కొందరు తిండి మానేస్తారు, మౌనంగా ఉండిపోతారు. నెల ఖర్చు మామూలు జీతగాడికి భారం. ఆయాలు తరచు మారతారు. దగ్గు, జ్వరం ఒకరి నుండి అందరికీ పాకవచ్చు. 2020 కరోనా రోజుల్లో పెద్దవారిని చూడడానికి కూడా వీలులేక బాధపడిన కుటుంబాలెన్నో.

కాబట్టి చేర్చే ముందు దయచేసి ఇవి చూడండి:

1. చెప్పకుండా ఒకసారి, సాయంత్రం వేళ ఒకసారి వెళ్లండి. వాసన, మంచాలు, అక్కడివారి ముఖాలు చాలా విషయాలు చెబుతాయి.
2. రాత్రి ఎంతమంది ఉంటారు? శిక్షణ పొందిన నర్సు ఉందా? ఇన్సులిన్ ఎవరిస్తారు?
3. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకెళ్తారు?
4. మతిమరుపు ముదిరినా, మంచాన పడినా ఉంచుకుంటారా? డిపాజిట్ తిరిగి ఇస్తారా? కాగితం మీద రాయించుకోండి.
5. అన్నిటికంటే ముందు, అమ్మగారిని అడిగారా? ఒక నెల ఉండి చూద్దామని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఇల్లు రాయించుకుని పెద్దవారిని వదిలేసేవారు చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ప్రకారం వారు ట్రిబ్యునల్‌కు వెళ్లి పోషణ ఖర్చు అడగవచ్చు. చూసుకుంటామనే షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజు రద్దు కావచ్చు. పెద్దలను దిక్కులేకుండా వదిలేస్తే 3 నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. సహాయం కావలసిన వయోవృద్ధులు 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞ ఉండగా హోమ్‌కు ఎలా పంపుతామని కొందరు అడుగుతారు. 1839లో ఫ్రాన్సులో ఝాన్ జుగాన్ అనే పనిమనిషి, చూపులేని ఒక ముసలమ్మను ఇంటికి తెచ్చుకుని తన మంచం ఆవిడకిచ్చింది. పేద వృద్ధులను చూసే లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ద పూర్ సభ అలా మొదలైంది. ఆ సభవారి ఆశ్రమం మన సికింద్రాబాదు వారికి తెలిసినదే. సన్మానం ఏ కప్పు కింద జరిగిందని కాదు, ఎలా జరిగిందని చూడాలని మా అభిప్రాయం.

ఇంట్లో మనిషి తోడు, కింద పోర్షన్, కూర్చునే కమోడ్ అమరితే ఇల్లే మేలు. అవేవీ కుదరనప్పుడు మంచి హోమ్‌లో చేర్చడం పాపం కాదు. చేర్చి మరచిపోవడమే తప్పు. వారానికొకసారి వెళ్లండి, మనవలను తీసుకెళ్లండి, తల దువ్వండి, గోళ్లు తీయండి, వీపు మీద పుండు ఉందేమో మీ కళ్లతో చూడండి. ఆ పని మాత్రం డబ్బిచ్చి ఎవరికీ అప్పగించలేము.