టిక్కులు చూసి తృప్తి పడుతున్నారు

‘మీరు లైంగిక వేధింపులకు గురయ్యారా? అవును / కాదు.’ ఒక షూటింగ్‌లో లంచ్ బ్రేక్‌లో జూనియర్ ఆర్టిస్టుల చేతికిచ్చిన కాగితం మీద ఉన్న ప్రశ్న ఇదొక్కటే. పైన పేరు, ఫోన్ నంబరు రాయాలి. ఎదురుగా కోఆర్డినేటర్ నిలబడి ఉన్నాడు. రేపు పనికి పిలవాల్సిందీ అతనే. అమ్మాయిలంతా ‘కాదు’ దగ్గర టిక్ పెట్టి ఇచ్చేశారు. ఆ కట్ట చూపించి సినీ పెద్దలు ‘మా దగ్గర అలాంటివేం లేవండీ’ అంటుంటే కడుపు మండిపోతోంది.

2018 ఏప్రిల్‌లో వేషాల పేరుతో సాగే లైంగిక దోపిడీపై నటి శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ ముందు నడిరోడ్డు మీద నిరసనకు దిగితేగానీ పెద్దల్లో కదలిక రాలేదు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం దీనిపై కమిటీ వేసింది, 2022లో నివేదిక అందింది. మలయాళ చిత్రసీమలో మహిళల పరిస్థితిపై కేరళలో వేసిన హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, 2024 ఆగస్టులో, మనదీ బయటపెట్టండని నటి సమంత అడగాల్సి వచ్చింది!

ఆ కాగితం మీద ఒక్క ప్రశ్నతో సరిపెట్టింది వేధింపుల గురించి ఎలా అడగాలో తెలియక కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘గృహహింస ఉందా’ అని అడిగి ఊరుకోరు. చెంప మీద కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా అని ఒక్కొక్కటే అడుగుతారు. పక్కన ఇంకొకరు వింటుంటే ఆ ప్రశ్నలే అడగరు. అమెరికాలో పరిశోధకురాలు మేరీ కాస్ 1987లో ప్రచురించిన అధ్యయనం చూడండి. జరిగింది విడమరిచి అడిగితే, చట్టం లెక్కన అత్యాచారమే జరిగిందని తేలిన మహిళల్లో దాన్ని అత్యాచారమని తామే అన్నవాళ్లు 27 శాతమే. మిగతావాళ్లను మొదటే ఆ పేరుతో అడిగి ఉంటే ‘కాదు’ అనేవారు. అది అబద్ధమూ కాదు. జరిగినదానికి అంత పెద్ద పేరు పెట్టుకోవడానికి మనసొప్పదు, అంతే.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే మన 2013 చట్టం కూడా తాకడం, కోరిక తీర్చమనడం, అసభ్యంగా మాట్లాడడం, అశ్లీల చిత్రాలు చూపడం అని వేటికవే చెప్పింది. వాటన్నిటినీ ఒక్క ప్రశ్నలో పాతిపెట్టిందెవరు?

పేరు రాయించకండి. కోఆర్డినేటర్‌ను అవతలికి పంపండి. అప్పుడు అడగండి: వేషం కావాలంటే కమిట్‌మెంట్ ఇవ్వమన్నారా? రాత్రిపూట ఫోన్ చేసి రమ్మన్నారా? చీర అడ్డం పట్టుకుని బట్టలు మార్చుకుంటుంటే ఎవరైనా తొంగి చూశారా? కాదన్నందుకు పని ఆపేశారా? కృష్ణానగర్ గదుల్లో ఈ అమ్మాయిలు ఒకరికొకరు చెప్పుకునే మాటలే ఇవి. అచ్చు వేయిస్తే ఒక్క పేజీ. ఆ పేజీ ఎందుకు వేయించరో ఛాంబర్ పెద్దలు చెప్పాలి.